రెడ్ లైన్, గ్రీన్ లైన్ 13 ఏళ్లు ఎందుకు కలవలేదు? డబ్లిన్ లువాస్ (ట్రామ్) మీద చర్చ

#1 కొత్త_డబ్లినర్
అందరికీ నమస్కారం. ఇల్లు తాలాలో, ఆఫీసు శాండీఫర్డ్‌లో. పొద్దున రెడ్ లైన్‌లో యాబీ స్ట్రీట్ దాకా వచ్చి, పక్కనే మార్ల్‌బరో స్టాప్‌లో గ్రీన్ లైన్ ఎక్కుతాను. నడక రెండు మూడు నిమిషాలే. మొన్న మా టీంలో ఒక ఐరిష్ పెద్దాయన, 2017 చివరిదాకా ఈ రెండు లైన్లు ఎక్కడా కలిసేవే కావని చెప్పాడు. గ్రీన్ లైన్ స్టీఫెన్స్ గ్రీన్ దగ్గరే ఆగిపోయేదట. రెడ్ లైన్ దిగినవాళ్లు నది దాటి, గ్రాఫ్టన్ స్ట్రీట్ పొడవునా నడిచి వెళ్లి ఎక్కాల్సి వచ్చేదట. రెండు లైన్లూ 2004లోనే మొదలయ్యాయి కదా, మధ్యలో ఉన్న దాదాపు కిలోమీటరు దూరానికి పట్టాలు వేయడానికి 13 ఏళ్లా? డబ్బు లేకనా, ఇంకేదైనా కారణమా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

#2 సుధ_డండ్రమ్
ఆయన చెప్పింది నిజమే. మేం వచ్చిన కొత్తలో అంతే. చంటిపిల్లను బండిలో కూర్చోబెట్టుకుని, వానలో ఆ జనం మధ్య నడవడం చాలా కష్టంగా ఉండేది. కానలీ స్టేషన్లో రైలు దిగి సామాన్లతో డండ్రమ్ రావాలంటే టాక్సీయే గతి. మ్యాప్‌లో ఒక ఎర్ర గీత, ఒక పచ్చ గీత, మధ్యలో ఖాళీ. ఊళ్లో చాలామంది అప్పట్లో గ్రీన్ లైన్ వాళ్లు, రెడ్ లైన్ వాళ్లు అని రెండు వర్గాలుగా మాట్లాడుకునేవారు. కారణం ఏమిటో పట్టాల_పిచ్చి గారు చెప్తారు, ఆయనకు ఇవన్నీ కంఠతా వచ్చు.

#3 పట్టాల_పిచ్చి
సుధ గారు పిలిచారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

డబ్బు మొదటి కారణం కాదు. మొదటి కారణం 1998లో తీసుకున్న ఒక నిర్ణయం.

1990ల మధ్యలో డబ్లిన్ రవాణా మీద పెద్ద అధ్యయనం జరిగింది. తాలా, డండ్రమ్, బాలీమన్ వైపు ట్రామ్ లైన్లు వేయాలని, అవన్నీ ఊరి నడిబొడ్డున కలవాలని అందులో సూచించారు. 1996లో దానికోసం ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. అంటే కలపాలన్న ఆలోచన మొదటినుంచీ ఉంది. అయితే ఊరి మధ్యలోని దుకాణదారులు భయపడ్డారు. డాసన్ స్ట్రీట్, కాలేజ్ గ్రీన్, ఓ'కానెల్ స్ట్రీట్ ఏళ్ల తరబడి తవ్వితే వ్యాపారం ఏం కావాలని అడిగారు. కార్లకు దారి ఉండదని ఇంకొందరు గొడవ చేశారు. 1997లో ప్రభుత్వం మారింది. కొత్త మంత్రి మేరీ ఒ'రూర్క్ మరో పరిశీలన చేయించారు. భూమి మీదే వేయడం మేలని ఆ నిపుణులు చెప్పినా, 1998 మేలో మంత్రివర్గం మరోలా నిర్ణయించింది: తాలా లైన్ యాబీ స్ట్రీట్ మీదుగా కానలీకి వస్తుంది, శాండీఫర్డ్ లైన్ స్టీఫెన్స్ గ్రీన్ దాకా వస్తుంది, అక్కడి నుంచి ఉత్తరానికి ఊరి మధ్య భాగం సొరంగంలో వెళ్తుంది.

ఆ సొరంగం తవ్వనే లేదు. మిగిలిన రెండు ముక్కలూ 2004లో మొదలయ్యాయి. గ్రీన్ లైన్ జూన్ 30న, రెడ్ లైన్ సెప్టెంబరులో. ఊరికి ఒక నెట్‌వర్క్ రావాల్సింది, రెండు విడివిడి లైన్లు వచ్చాయి.

తర్వాత కలపడానికి పథకం వేసేలోపు 2008 ఆర్థిక సంక్షోభం వచ్చి పడింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. 2011 నవంబరులో ప్రభుత్వం ఎయిర్‌పోర్ట్ మెట్రోను, డార్ట్ (ఊరి లోకల్ రైలు) సొరంగాన్ని పక్కన పెట్టింది కానీ, లువాస్ రెండు లైన్లను కలిపే పనిని మాత్రం ఉంచింది. చేతిలో డబ్బు లేనప్పుడు దేన్ని వదులుకోకూడదో వాళ్లకు అప్పటికి అర్థమైంది. 2013లో పని మొదలైంది, 2017 డిసెంబరు 9న ఆ కలిపే లైన్‌ను క్రాస్ సిటీ పేరుతో తెరిచారు. స్టీఫెన్స్ గ్రీన్ నుంచి బ్రూంబ్రిడ్జ్ దాకా 13 స్టాపులు, ఖర్చు 36.8 కోట్ల యూరోలు.

నా అభిప్రాయం ఒక్కటే. ట్రామ్‌కు ప్రాణం శివార్లలో ఉండదు, ఊరి మధ్యలో ఉంటుంది. అక్కడ వెనకడుగు వేస్తే మిగతా లైన్ ఎంత బాగా కట్టినా సగం పనే చేస్తుంది.

#4 వంశీ_సివిల్
అన్నా, చరిత్ర బాగా చెప్పారు. కానీ దుకాణదారుల భయాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. నేను ఈ రంగంలోనే పనిచేస్తాను (లువాస్ కోసం కాదు). ఊరి నడిమధ్య ట్రామ్ వేయడం అంటే పట్టాలు పరచడం మాత్రమే అనుకుంటారు చాలామంది. పట్టాలు వేసేది చివర్లో. అసలు కష్టం అంతకుముందే.

ట్రామ్ పట్టాల కింద కాంక్రీటు పలక ఉంటుంది. దాని కింద నీటి పైపు ఉంచేసి పైన ట్రామ్ నడిపితే, రేపు పైపు పగిలినప్పుడు లైన్ మొత్తం ఆపి తవ్వాలి. అందుకే నీరు, గ్యాస్, కరెంటు, టెలిఫోన్ కేబుళ్లు, మురుగు, అన్నిటినీ ముందే పక్కకు జరపాలి. డబ్లిన్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. జార్జియన్ కాలపు (సుమారు 18వ శతాబ్దం) ఇళ్లకు బొగ్గు నిల్వ చేసుకునే నేలమాళిగలు రోడ్డు కిందకి చొచ్చుకొచ్చి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటీ వెతికి, కొలిచి, అవసరమైన చోట నింపాలి, ఓనరుతో మాట్లాడాలి.

ఇంకోటి కరెంటు. లువాస్ 750 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. పైన తీగలోంచి వచ్చిన కరెంటు తిరిగి సబ్‌స్టేషన్‌కు వెళ్లేది పట్టాల గుండానే. పట్టా నుంచి కొంచెం భూమిలోకి కారినా, చుట్టుపక్కల ఇనుప పైపులు తుప్పు పడతాయి. అందుకని పట్టాలను నేలకు తగలకుండా రబ్బరు లాంటి తొడుగులో పెట్టి పోస్తారు. పైకి రెండు ఇనుప గీతలే కనిపిస్తాయి, కింద చాలా పని దాగి ఉంటుంది.

విగ్రహాలు కూడా జరపాల్సి వచ్చింది. గ్రాఫ్టన్ స్ట్రీట్ మొదట్లో ఉండే మాలీ మలోన్ విగ్రహం 2014లో సఫోక్ స్ట్రీట్‌కు పోయింది ఈ పనుల వల్లే. దుకాణం నడుపుకునేవాడికి ఇవన్నీ తన గుమ్మం ముందు జరుగుతుంటే భయం వేయదా?

#5 పట్టాల_పిచ్చి
వంశీ గారూ, భయం సహజమే, నేను కాదనను. కానీ మీరు చెప్పిన తవ్వకాలన్నీ చివరికి చేయనే చేశారు కదా. 1998లో తప్పించుకున్న పని 2013లో చేయాల్సి వచ్చింది, మధ్యలో ఊరి జనం 13 ఏళ్లు నడిచారు. వాయిదా వేసినంత మాత్రాన తవ్వకం తగ్గలేదు.

#6 వంశీ_సివిల్
అక్కడే నాకు భేదాభిప్రాయం. 1990ల చివర్లో డబ్లిన్ జనానికి ట్రామ్ మీద నమ్మకమే లేదు. మూడు లైన్లూ ఒకేసారి, ఊరంతా తవ్వి మొదలుపెట్టి ఉంటే ప్రాజెక్టు మొత్తానికే ఎసరు వచ్చి ఉండేది. గొడవ తక్కువ ఉన్న రెండు ముక్కలు ముందు కట్టారు, జనం ఎక్కారు, బాగుందన్నారు. తర్వాత "మధ్యలో కలపండి" అని అడిగింది ఆ జనమే. 2019 నాటికి ఏడాదికి 4.8 కోట్లకు పైగా ప్రయాణాలు. ఆ మొదటి రెండు ముక్కలు లేకపోతే 2011లో అంత కటకట సమయంలో క్రాస్ సిటీని ఏ ప్రభుత్వం కాపాడేది?

#7 కొత్త_డబ్లినర్
ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత లోతుగా చెప్తారనుకోలేదు. ఇంకో సందేహం. గ్రీన్ లైన్ ఎక్కితే చార్లెమాంట్ దాటాక రైలులా దూసుకుపోతుంది. రెడ్ లైన్ మాత్రం హ్యూస్టన్ నుంచి యాబీ స్ట్రీట్ దాకా ఆగి ఆగి వెళ్తుంది. ఒకే కంపెనీ ట్రామ్‌లే కదా, ఇంత తేడా ఎందుకు?

#8 పట్టాల_పిచ్చి
ట్రామ్‌లు రెండు చోట్లా ఆల్‌స్టామ్ కంపెనీ సిటాడిస్ మోడల్‌వే. తేడా దారిలో ఉంది.

గ్రీన్ లైన్ చార్లెమాంట్ నుంచి దక్షిణానికి వెళ్లే దారి ఒకప్పటి హార్‌కోర్ట్ స్ట్రీట్ రైల్వే లైను. 1854లో మొదలై 1958 చివరి రోజు దాకా రైళ్లు నడిచాయి. రైళ్లు ఆపేసి పట్టాలు పీకేశారు కానీ, ఆ భూమి చాలావరకు అలాగే మిగిలింది. మిల్‌టౌన్ దగ్గర తొమ్మిది కమానుల రాతి వంతెన మీదుగా ఇప్పుడు ట్రామ్ వెళ్తుంది చూడండి, అది ఆ పాత రైల్వేదే. రోడ్డు కూడళ్లు తక్కువ, కార్లతో పోటీ లేదు. డండ్రమ్‌లో మాత్రం పెద్ద కూడలి దాటడానికి కొత్తగా తీగల వంతెన కట్టి, ఐర్లాండ్ రైల్వేలకు ఆద్యుడు అనదగ్గ విలియం డార్గన్ పేరు పెట్టారు. ఈ దారిని రేపు మెట్రోగా మార్చే వీలుండాలని ముందే ఆలోచించారు. 2018 మెట్రోలింక్ (ఎయిర్‌పోర్ట్ మెట్రో కొత్త పథకం) ప్లాన్‌లో నిజంగానే శాండీఫర్డ్ దాకా మెట్రో చేద్దామన్నారు. దానికోసం గ్రీన్ లైన్ చాలాకాలం మూసేయాల్సి వస్తుందని తెలిసి జనం ఒప్పుకోలేదు. 2019లో ఆ ఆలోచన మానుకుని, మెట్రో చార్లెమాంట్ దగ్గరే ఆగేలా మార్చారు.

రెడ్ లైన్‌కు ఊళ్లో అలాంటి వారసత్వం లేదు. సెయింట్ జేమ్స్ ఆసుపత్రి ఆవరణ, హ్యూస్టన్ స్టేషన్, ఫోర్ కోర్ట్స్, స్మిత్‌ఫీల్డ్ అన్నీ చుట్టుకుంటూ, ప్రతి సిగ్నల్ దగ్గరా వాహనాలతో పంచుకుంటూ రావాలి. నెమ్మదిగా వస్తుంది నిజమే, కానీ ఆసుపత్రికీ కోర్టుకీ రైల్వే స్టేషన్‌కీ గుమ్మం దాకా తీసుకెళ్తుంది.

#9 చరిత్ర_చదువరి
చర్చ 1990ల దగ్గర మొదలైంది, నేను ఇంకా వెనక్కి తీసుకెళ్తాను. డబ్లిన్‌కు ట్రామ్ కొత్త కాదు. 1872 ఫిబ్రవరిలోనే గుర్రపు ట్రామ్ వచ్చింది. 1901 కల్లా మొత్తం కరెంటు మీదకి మారింది. డబ్లిన్ యునైటెడ్ ట్రామ్‌వేస్ కంపెనీ నడిపేది, దాని అధిపతి విలియం మార్టిన్ మర్ఫీ. ఐరిష్ ఇండిపెండెంట్ పత్రిక యజమాని కూడా ఆయనే.

ఈ ట్రామ్‌ల నుంచే ఐర్లాండ్ కార్మిక చరిత్రలో అతిపెద్ద పోరాటం మొదలైంది. జిమ్ లార్కిన్ పెట్టిన యూనియన్‌లో ఉన్నవాళ్లను మర్ఫీ పనిలోంచి తీసేశాడు. 1913 ఆగస్టు 26న డ్రైవర్లు, కండక్టర్లు నడిరోడ్డు మీద ట్రామ్‌లు ఆపేసి దిగిపోయారు. ఆ తర్వాత యజమానులంతా ఒక్కటై, యూనియన్‌లో ఉండబోమని సంతకం పెట్టని వేలాది మందిని బయట నిలబెట్టారు. నెలల తరబడి పేదల ఇళ్లలో పొయ్యి వెలగలేదు. 1914 మొదట్లో ఆకలికి తాళలేక కార్మికులు వెనక్కి తగ్గారు. కానీ యూనియన్ చావలేదు.

ఈ రోజు గ్రీన్ లైన్ ఓ'కానెల్ స్ట్రీట్‌లో జీపీవో ముందుగా వెళ్తుంటే, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ లార్కిన్ విగ్రహం కనిపిస్తుంది. తిరుగు దారిలో ట్రామ్ లిఫీ నది దాటే వంతెన 2014లో కట్టారు, దాని పేరు రోజీ హ్యాకెట్ వంతెన. ఆమె బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసిన మహిళ, 1913 పోరాటంలో నిలబడింది. మర్ఫీ ట్రామ్‌లు పోయాయి. ట్రామ్ వెళ్లే వంతెనకు మాత్రం ఆయన ఎదిరించిన యూనియన్ మనిషి పేరు ఉంది. ఆ పేరు పెట్టినవాళ్లకు నేను మనసారా దండం పెడతాను.

పాత ట్రామ్‌లు 1949 జూలైతో ఊళ్లో ఆగిపోయాయి. హౌత్ కొండ మీద తిరిగేది ఒక్కటే 1959 దాకా మిగిలింది. బస్సులు చవకని, రోడ్లు ఖాళీ అవుతాయని చెప్పి తీసేశారు. సరిగ్గా 55 ఏళ్లకు మళ్లీ పట్టాలు వేయాల్సి వచ్చింది.

#10 సుధ_డండ్రమ్
చదువరి గారూ, ఇన్నేళ్లుగా ఆ వంతెన మీద వెళ్తున్నాను, రోజీ హ్యాకెట్ ఎవరో ఇవాళే తెలిసింది. ఈసారి మా అమ్మాయికి చెప్తాను.

#11 విశాఖ_వాసి
హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది, లువాస్ క్రాస్ సిటీ డిసెంబరు 9న. రెండు వారాల తేడా కూడా లేదు! అక్కడ అమీర్‌పేటలో రెండు కారిడార్లు కలిసేలా మొదటి నుంచీ కట్టారు కాబట్టి ఆ స్టేషన్ విలువ మనకు తెలుసు. కానీ జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైన్ ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది, పాతబస్తీ భాగం మిగిలిపోయింది. అక్కడా ఆస్తులు, కట్టడాలు, తవ్వకాల భయాలే అడ్డు. పట్టాల_పిచ్చి గారు చెప్పిన "ఊరి మధ్యలో వెనకడుగు" మాట చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

#12 వంశీ_సివిల్
మంచి ఉదాహరణ. అయితే మెట్రో పైన స్తంభాల మీద వెళ్తుంది, ట్రామ్ రోడ్డు మీద. ట్రామ్‌కు కలపడం పూర్తయ్యాక కూడా పోరాటం ఆగదు. క్రాస్ సిటీ తెరిచిన కొత్తలో 55 మీటర్ల పొడవు ట్రామ్‌లు దింపారు, ప్రపంచంలోనే పొడవైన ట్రామ్‌ల్లో అవి ఉన్నాయి. ఓ'కానెల్ వంతెన దగ్గర ముందు సిగ్నల్ పడితే వెనక భాగం కూడలికి అడ్డం ఉండిపోయేది, బస్సులన్నీ వెనక బారులు తీరేవి. 2018 జనవరిలో పేపర్ల నిండా అదే గొడవ. కాలేజ్ గ్రీన్‌లో కార్లు తగ్గిస్తే తప్ప ట్రామ్, బస్సు రెండూ సరిగ్గా నడవవని అప్పుడే అందరికీ అర్థమైంది. ట్రామ్ తెచ్చిన ఊరు కార్లకు కొంత చోటు తగ్గించడానికి సిద్ధపడాలి. రెండూ కావాలంటే కుదరదు.

#13 సిటీవెస్ట్_అమ్మ
మా వైపు గురించి ఎవరూ మాట్లాడలేదు. బెల్‌గార్డ్ దగ్గర చీలి సాగర్ట్ దాకా వచ్చే కొమ్మ 2011 జూలైలో తెరిచారు. అందులో సగం ఖర్చు ఇక్కడ స్థలాలున్న బిల్డర్లు పెట్టారని విన్నాను, నిజమేనా? ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ లైన్ ఎంత మేలు చేసిందో తెలుస్తుంది. మా వారికి కారు ఆఫీసుకు కావాలి. నేను లీప్ కార్డ్ పట్టుకుని పిల్లలతో తాలా ఆసుపత్రికి, ఊళ్లోకి ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నాను. 90 నిమిషాల్లోపు బస్సు, ట్రామ్, రైలు మారినా పెద్దవాళ్లకు రెండు యూరోలే.

ఒక బాధ కూడా చెప్పాలి. రాత్రి పూట రెడ్ లైన్‌లో కొన్ని గుంపులు అల్లరి చేస్తుంటాయి. ఒంటరిగా వచ్చే అమ్మాయిలు డ్రైవర్‌కు దగ్గరగా ముందు భాగంలో ఎక్కండి. రవాణాకు ప్రత్యేక పోలీసు దళం కావాలని ఇక్కడివాళ్లూ ఎప్పటినుంచో అడుగుతున్నారు, మనం కూడా గొంతు కలపాలి.

#14 పట్టాల_పిచ్చి
నిజమేనమ్మా, సాగర్ట్ కొమ్మ ఖర్చులో దాదాపు సగం ప్రైవేటు డెవలపర్లది. గ్రీన్ లైన్ 2010 అక్టోబరులో చెర్రీవుడ్ వైపు పొడిగించినప్పుడు కూడా, లైన్ పక్కన కట్టేవాళ్ల నుంచి ప్రత్యేక రుసుము వసూలు చేసే పద్ధతి పెట్టారు. లైన్ వస్తే భూమి ధర పెరుగుతుంది, ఆ పెరుగుదలలో కొంత లైన్‌కే ఇవ్వాలి. నాకు న్యాయంగా తోచే పద్ధతి.

కానీ సమయం కలిసిరాలేదు. లైన్ పూర్తయ్యేసరికి దేశంలో ఇళ్ల నిర్మాణమే ఆగిపోయింది. బ్రెనన్‌స్టౌన్, రేస్‌కోర్స్ అని రెండు స్టాపులు ప్లాట్‌ఫామ్‌లతో సహా కట్టేసి, దిగడానికి చుట్టూ జనమే లేక తెరవలేదు. ట్రామ్ వాటిని దాటుకుంటూ పోయేది. దాన్ని చూసి చాలామంది దుబారా అన్నారు. నేను అనను. చెర్రీవుడ్‌లో తర్వాత లేచిన అపార్ట్‌మెంట్లు చూడండి. ముందు పట్టాలు ఉన్నాయి కాబట్టే ఆ ఇళ్లు కార్ల మీద ఆధారపడకుండా లేచాయి.

#15 గ్రాంజ్‌గోర్మన్_విద్యార్థి
అన్నలూ అక్కలూ, నేను టీయూ డబ్లిన్‌లో మాస్టర్స్. కాలేజీ ముందే గ్రాంజ్‌గోర్మన్ స్టాప్. బ్రాడ్‌స్టోన్ దాటాక ట్రామ్ లోతైన కందకం లాంటి దారిలో వెళ్తుంది, అది కూడా పాత రైల్వేనా? ఇంకోటి, చివరి స్టాప్ బ్రూంబ్రిడ్జ్ దగ్గర కాలువ వంతెన మీద గణిత సూత్రం చెక్కిన పలక ఉంది, ఎవరైనా చూశారా?

#16 చరిత్ర_చదువరి
అవును తమ్ముడూ, అది బ్రాడ్‌స్టోన్ స్టేషన్‌కు వచ్చే పాత రైలు దారి. 1937లోనే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, దారి మిగిలింది. పలక గురించి: 1843 అక్టోబరు 16న విలియం రోవన్ హామిల్టన్ భార్యతో కాలువ గట్టున నడుస్తుండగా క్వాటర్నియన్ల (నాలుగు భాగాలుండే ఒక రకం సంఖ్యల) సూత్రం తట్టింది. మరిచిపోకుండా ఆ వంతెన రాయి మీదే చెక్కాడు. అసలు చెక్కడం కాలంతో చెరిగిపోయింది, ఇప్పుడున్నది జ్ఞాపక ఫలకం. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లోను, ఉపగ్రహాల దిశ లెక్కించడంలోను ఇప్పటికీ వాడేది ఆ గణితాన్నే. అందుకే బ్రూంబ్రిడ్జ్‌లో లువాస్ డిపోకు హామిల్టన్ పేరు పెట్టారు. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ఒక్కసారైనా వెళ్లి చూడాల్సిన చోటు.

#17 నిర్వాహకుడు
గదులు అద్దెకు అన్న ప్రకటనలు ఈ చర్చలో పెట్టకండి, వాటికి వేరే విభాగం ఉంది. రెండు పోస్టులు తొలగించాను. చర్చ కొనసాగించండి.

#18 లూకన్_రమణ
అందరూ ఎర్ర లైన్, పచ్చ లైన్ అంటుంటే మా లూకన్ వాళ్లకు కడుపు మండుతోంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో లూకన్, ఆడమ్స్‌టౌన్ ఉన్నాయి. ఆడమ్స్‌టౌన్‌కు 2007 నుంచి రైలు ఉంది, సరే. లూకన్ ఊరికి లువాస్ వేస్తామని 2000ల చివర్లో ప్లాన్ గీశారు, సంక్షోభంలో ఆపేశారు. ఇప్పటికీ బస్సే. ఊళ్లోకి వెళ్లాలంటే రద్దీ వేళ ఎంత సేపు పడుతుందో ముందే చెప్పలేం.

వంశీ గారు ముందు సులువైన ముక్క కట్టడం మేలన్నారు. అలా అయితే కష్టమైన ముక్క ఎప్పటికీ మిగిలిపోతుంది, మేమే దానికి సాక్ష్యం.

#19 వంశీ_సివిల్
రమణ గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. ఫింగ్లస్ వాళ్లూ ఇలాగే చాలాకాలం ఎదురుచూశారు. వాళ్ల లైన్ బ్రూంబ్రిడ్జ్ నుంచి చార్ల్స్‌టౌన్ దాకా 3.9 కిలోమీటర్లు, నాలుగు కొత్త స్టాపులు. 2024లో రైల్వే ఆర్డర్ (లైన్ కట్టడానికి అనుమతి) కోసం దరఖాస్తు చేశారు. అది ముందుకు కదలడానికి ఒక కారణం గ్రీన్ లైన్ అప్పటికే బ్రూంబ్రిడ్జ్ దాకా చేరి ఉండటం. చివర పట్టా ఉంటే దాన్ని పొడిగించమని అడగడం సులువు. లూకన్ లైన్‌కు ఆ చివర లేదు, ఊరి మధ్య నుంచి కొత్తగా దారి వెతకాలి. అందుకే ఎక్కువ ఒత్తిడి కావాలి. ఫింగ్లస్‌లో సంప్రదింపులు జరిగినప్పుడు అక్కడి జనం మీటింగులకు వెళ్లారు, రాతపూర్వకంగా అభిప్రాయాలు పంపారు. స్టాప్ ఎక్కడ పెట్టాలి, పార్కులో చెట్లు ఎలా కాపాడాలి లాంటివన్నీ రాశారు. మనవాళ్లు ఇలాంటివాటికి దూరంగా ఉంటారు, ఓటు లేదనో, మనకెందుకనో. ఐర్లాండ్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటుకు పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడ నివాసం ఉంటే చాలు. కౌన్సిలర్లు మీ మాట వినాల్సిందే.

#20 పట్టాల_పిచ్చి
వంశీ గారితో ఈ విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్క మాట చేరుస్తాను: అడిగేటప్పుడు లూకన్ నుంచి ఊరి మధ్య దాకా, ఇప్పుడున్న రెండు లైన్లతో కలిసేలా అడగండి. "ప్రస్తుతానికి హ్యూస్టన్ దాకా చాలు" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

#21 లూకన్_రమణ
స్థానిక ఎన్నికల ఓటు సంగతి మాలో సగం మందికి తెలియదు, చాలా థాంక్స్. ఈ వారాంతం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడతాను. కౌన్సిలర్లకు పంపే లేఖ చిత్తుప్రతి రాసి ఇక్కడే పోస్ట్ చేస్తాను. వంశీ గారూ, పట్టాల_పిచ్చి గారూ, సాంకేతిక విషయాలు మీరిద్దరూ చూసి సరిదిద్దండి. సిటీవెస్ట్ అమ్మ గారు చెప్పిన రాత్రి భద్రత సంగతి కూడా అందులో చేరుస్తాను. సంతకాలకు లూకన్, ఆడమ్స్‌టౌన్ వాళ్లు ఎవరు సిద్ధమో కింద పేరు అక్కర్లేదు, ప్రాంతం ఒక్కటి రాయండి చాలు.

#22 కొత్త_డబ్లినర్
నేను తాలావాడినే అయినా, మా అక్కావాళ్లు ఆడమ్స్‌టౌన్‌లో ఉంటారు. వాళ్లవి రెండు సంతకాలు లెక్క వేసుకోండి.